ఒక్క కప్పు క్రింద పలువిద్యలు

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభాప్రసంగ పాఠము)



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఇంజనీరింగు చదివిన బిడ్డ లేని వీధి నేడు అరుదు. ఆ బిడ్డ బెంగుళూరునందో, హైదరాబాదునందో, సముద్రము దాటి దుబాయినందో కట్టడముల కంపెనీలో కొలువు చేయుచున్నాడని ఇరుగుపొరుగులు చెప్పుకొందురు. ఏమి పని యని అడిగినచో తండ్రి “కంప్యూటరు ముందు కూర్చుండి గీతలు గీయునట” అనును. తల్లి “పాపము, దినమంతయు ఎండలో నిలుచునట” అనును. ఇద్దరి మాటయు నిజమే. కాని గీతలు గీయు బల్లకును ఎండలో లేచు గోడకును నడుమ ఏమి జరుగుచున్నదో ఇద్దరికిని తెలియదు. చేను కుదువబెట్టి చదివించిన వారికి ఆ సంగతి తెలియవలసియున్నది. తమ యింటికి పునాది త్రవ్వించుకొనబోవువారికి అంతకంటెను తెలియవలసియున్నది.

మన పెద్దల కాలమున ఇల్లు కట్టించుట యనగా ఒక బేల్దారి మేస్త్రిని పిలుచుటయే. ఆయన స్థలము చుట్టును ఒకమారు నడచి, మడమతో నేలను పొడిచి చూచి, “ఇక్కడ మూడడుగులు పోవలె” ననెడివాడు. అదియే నేల పరీక్ష. గోడ యెంత మందముండవలెను, దూలమెంత లావుండవలెను, దంతెల నడుమ ఎంత యెడముండవలెను, వాని మీద వెంపలి కంప ఎంత పరువవలెను, ఆపైన చవుడెంత వేయవలెను - సర్వమును ఆయన తలలోనే యుండెడిది. కాగితము లేదు. వడ్రంగి, కమ్మరి, రాళ్ళు కొట్టు వడ్డెర, సున్నపు గానుగ త్రిప్పువాడు - అందరును ఆయన మాట వినెడివారు. యజమాని వేపచెట్టు నీడన మంచము వేసికొని కూర్చుండి చూచుచుండెడివాడు. వానకు మిద్దె కురిసినచో ఎవరిని అడుగవలెనో ఊరందరికిని తెలియును. ఆ మేస్త్రి పై వీధిలోనే యుండును; తప్పించుకొని పోవుటకు చోటు లేదు.

పని పెద్దదైనపుడు ఒక్క తల చాలదని మన శాస్త్రకారులు ఏనాడో గ్రహించిరి. మయమతము, మానసారము అను వాస్తు గ్రంథములలో శిల్పులు నలుగురని చెప్పబడినది. స్థపతి కట్టడము నంతయు మనసున నిలుపుకొని నడపువాడు. సూత్రగ్రాహి త్రాడును కొలబద్దను పట్టి కొలతలు నిలబెట్టువాడు. తక్షకుడు రాతిని, కొయ్యను చెక్కువాడు. వర్ధకి చెక్కిన ముక్కలను ఒకదానితో నొకటి కూర్చి నిలుపువాడు. మనము నిత్యము పలుకు ‘వడ్రంగి’ యను మాట ఈ వర్ధకి నుండియే వచ్చినదని పండితులు చెప్పుదురు. ఇందొక విశేషము గలదు. సూత్రగ్రాహి స్థపతికి కొడుకో శిష్యుడో కావలెనని మయమతము. గీయువాని మనసు కొలుచువానికి తెలిసియుండవలెనని దాని భావము కాబోలు. ఇట్టి నలుగురి కూటమి లేక కట్టడము సిద్ధింపదని ఆ గ్రంథము యొక్క నిర్ణయము. పాశ్చాత్య దేశమున రోము నగరపు శిల్పి విట్రూవియస్ సుమారు రెండువేల సంవత్సరముల నాడు ఇదే విషయమును మరియొక రీతిని చెప్పెను. కట్టువానికి గణితము, చరిత్ర, వైద్యము, న్యాయము, సంగీతము సైతము కొంత తెలియవలెనని ఆయన వ్రాసినాడు. ఇన్నియు ఒక్కనికి తెలియవలెనని కోరుట కంటె నలుగురిని కూర్చుటయే తెలివి గల పని యనక తప్పదు.

ఇది పుస్తకములలోని మాట మాత్రమే కాదు. జమ్మలమడుగు నుండి గండికోటకు పోయి చూడుడు. పెన్న ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పారు లోయ యంచున కోట గోడ సాగిపోవుచుండును. లోపల మాధవరాయ దేవాలయము, రంగనాథ దేవాలయము, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారము, రాయల చెరువు, కత్తుల కోనేరు గలవు. పెమ్మసాని నాయకులు దాని నేలిరి. 1650లో మీర్ జుమ్లా దానిని గెలిచెను. రాజుల పేర్లు మనకు దొరకినవి. కాని కొండ మీద నీరెక్కడ నిలుచునో చూచినవాడెవడు? గింజ చెమ్మగిల్లకుండ ధాన్యాగారమునకు వంపు కప్పు వేసినవాడెవడు? గోపురపు భారము మోయు అధిష్ఠానమునకు రాయి యేరినవాడెవడు? వీరందరును ఒక్కడు కారని ఆ కట్టడములే చెప్పుచున్నవి. నీటి నెఱిగినవాడు, బరువు నెఱిగినవాడు, రాతి నెఱిగినవాడు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనినగాని అట్టి కోట లేవదు.

ఈ కాలమున ఆ కూటమి మఱింత పెద్దదైనది. మట్టిమిద్దెలో గోడ, కప్పు, తలుపు తప్ప వేరేమున్నది? ఇనుప కమ్మీలతో కూడిన కాంక్రీటు పందొమ్మిదవ శతాబ్దమున పుట్టినది. దానితో అంతస్తుపై అంతస్తు వేయుట సాధ్యమైనది. అంతస్తులు పెరుగగానే నీటిని పైకి పంపవలెను, మురుగును క్రిందికి తేవలెను, మనుషులను ఎక్కించు లిఫ్టు కావలెను, విద్యుత్తీగలు గోడలలో పరుగిడవలెను, నిప్పంటుకొనినచో దిగివచ్చుటకు వేరొక మెట్ల దారి యుండవలెను. ఒక్కొక్క దానికి ఒక్కొక్క చదువు, ఒక్కొక్క పట్టా ఏర్పడినవి. చదువులు విడిపోయినకొలది, ఒకరి పని మరియొకరికి తెలియకపోవుటయు పెరిగినది. ఆ విడిపోయిన విద్యలను మరల ఒక్క కప్పు క్రిందికి తెచ్చినదే నేటి కట్టడముల కంపెనీ. రూపము గీయు వాస్తుశిల్పి, బరువు లెక్కించు ఇంజనీరు, నేలను పరీక్షించువాడు, నీరు, గాలి, విద్యుత్తు చూచువారు, కొలతలు ఖర్చులు వ్రాయువాడు, స్థలముననే యుండి కట్టించువాడు - అందరును ఒకే సంస్థ ఉద్యోగులు.

మన దేశమున 1938లో బొంబాయిలో హెనింగ్ హోల్క్-లార్సెన్, సోరెన్ టూబ్రో అను ఇద్దరు డెన్మార్కు ఇంజనీర్లు ఒక సంస్థను స్థాపించిరి. అది 1944లో కట్టడముల కొరకు ప్రత్యేకముగా వేరొక కంపెనీ నేర్పరచినది. తాడిపత్రి ప్రక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీ మూలమున ఎల్ అండ్ టి యను పేరు మన ప్రాంతమువారికి పరిచితమే; 2004లో ఆ సిమెంటు వ్యాపారము అల్ట్రాటెక్ పేరిట వేరైనది. లండనులో 1946లో ఓవ్ ఆరప్ అను ఇంజనీరు తన సంస్థను నెలకొల్పెను. ఆయన మొదట చదివినది తత్త్వశాస్త్రము! వాస్తుశిల్పి గీసి యిచ్చిన తరువాత ఇంజనీరు దానిని నిలబెట్టుట కాదు, మొదటి గీత గీయునప్పుడే ఇద్దరును కలిసి యుండవలెనని ఆయన జీవితమంతయు వాదించినాడు. ఆ వాదమునకు సిడ్నీ నగరపు సంగీత నాటక భవనమే గొప్ప పరీక్షయైనది. 1957లో పోటీలో గెలిచిన చిత్రమున తెరచాపల వంటి కప్పులున్నవి; వానిని ఎట్లు నిలుపవలెనో గీసిన ఊట్జోన్‌కే తెలియదు. ఆరప్ సంస్థవారు ఏండ్ల తరబడి లెక్కలు వేసిరి. తుదకు ఆ కప్పులన్నియు ఒకే గోళము నుండి కోసిన ముక్కలైనచో ఒకే అచ్చున పోయవచ్చునను ఉపాయము దొరకినది. అయినను తగవులు తప్పలేదు. 1966లో ఊట్జోన్ పని విడిచిపోయెను. 1973లో భవనము తెరచునాటికి మొదట వేసిన 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల అంచనా 10 కోట్ల 20 లక్షలైనది. నేడు లోకమంతయు దానిని మెచ్చుచున్నది; చెల్లించినవారి గోడు మాత్రము లెక్కల పుస్తకమున నిలిచినది.

అంత దూరమేల? ప్రొద్దుటూరులో ఒక నాలుగంతస్తుల ఆసుపత్రి కట్టవలెనని యొక వైద్యుడు తలచినాడనుకొందము. కంపెనీ కార్యాలయమున బల్ల చుట్టును అందరును చేరుదురు. వాస్తుశిల్పి క్రింది అంతస్తున స్తంభములు లేని విశాలమైన హాలు కోరును. రోగులు, వారి బంధువులు, చంటిబిడ్డలు - కూర్చుండుటకు చోటు కావలెను గదా. స్తంభములు లేనిచో దూలము లోతు పెరుగునని బరువు లెక్కించు ఇంజనీరు చెప్పును. రెండున్నర అడుగులు తప్పదనును. ఆ దూలము క్రిందుగా చల్లగాలి గొట్టము పోవలెను, దానికి ఒకటిన్నర అడుగు కావలెనని మరియొకడనును. అంతస్తు ఎత్తు పండ్రెండడుగులు. రెండున్నర, ఒకటిన్నర తీసివేసినచో మిగిలినది ఎనిమిది. హాలు గుహవలె నుండును. వైద్యునికి పదునొకండడుగులు కావలెను! ఇప్పుడేమి చేయుట? దూలమునకు రంధ్రము పెట్టి గొట్టము దాని గుండ పంపుడని ఒకడనును. పెట్టవచ్చును, కాని స్తంభము దగ్గర పెట్టరాదు. అక్కడ దూలమును తెగకోయు బలము ఎక్కువ. నడుమ భాగమున, లోతుకు మధ్యగా, ఇంత వెడల్పున, చుట్టును అదనపు కమ్మీ కట్టి పెట్టవలెనని ఇంజనీరు గీసి చూపును. లేదా హాలు నడుమ ఒక్క స్తంభమునైన ఒప్పుకొనవలెను. ఇంతలో నీటి గొట్టముల ఇంజనీరు, పై అంతస్తున మరుగుదొడ్డి సరిగా శస్త్రచికిత్స గది నెత్తిన వచ్చినదని వ్రేలు పెట్టి చూపును. వాస్తుశిల్పి నాలుక కరచుకొని మొదటి నుండి గీయును.

తల్లిదండ్రులు చెప్పు “కంప్యూటరు ముందు గీతలు గీయుట” యనగా ఇదియే. నేడు గీతలు మాత్రమే కాక, కట్టబోవు భవనమంతయు గొట్టములు, తీగలు, కమ్మీలతో సహా కంప్యూటరులోనే మొదట నిర్మింతురు. దూలము నొక గొట్టము గ్రుచ్చుకొనినచో ఆ తావు ఎఱ్ఱగా కనబడును. కాగితము మీద సరిదిద్దుటకు ఒక గంట. కాంక్రీటు పోసిన తరువాత సరిదిద్దుటకు సుత్తులు, ఉలులు, తగాదాలు, నెలలు. మన బిడ్డల జీతములో సగము ఈ యెఱ్ఱని తావులను వెదకినందులకే యనినను తప్పు లేదు.

ఆ బల్ల దగ్గర ఒక మూలగా కూర్చుండు వాని మాట కొంత చెప్పవలెను. ఆయన కొలతల లెక్కరి; కట్టడమునకు కరణము వంటివాడు. పునాది మన్ను ఇన్ని ఘనమీటర్లు, కమ్మీ ఇన్ని కిలోలు, పూత ఇన్ని చదరపు మీటర్లు, గోడ అడుగున పరచు రాతి పట్టీ ఇన్ని మీటర్లు అని వ్రాయును. గోడను కొలుచునపుడు తలుపు, కిటికీల ఖాళీలను తీసివేసినాడా లేదా యనుదానిపై ఒక్కొక్క భవనమున లక్షలు మారును. అడంగలులో ఒక్క సర్వే నంబరు తారుమారైనచో రెండు కుటుంబములు ఏండ్ల తరబడి కోర్టు మెట్లెక్కుట మనమెఱిగినదే. కొలతల పుస్తకమున ఒక్క పంక్తి తప్పినను అంతే. పైగా ఆయన ఒక్కడే భవనము నంతయు, మూలమూలను, పేరు పేరున వ్రాయువాడు. కనుక బొమ్మలో ఒకచోట పన్నెండు కమ్మీలని, మరియొకచోట పదియని యున్నచో మొట్టమొదట పట్టుకొనువాడు ఆయనయే. ఈ లెక్కరిని కేవలము పైసలు గీచువాడని చిన్నచూపు చూచుట కంపెనీలలోను గలదు. సూత్రగ్రాహి స్థపతి కొడుకై యుండవలెనన్న శాస్త్రకారుడు వీరికంటె మర్యాద యెఱిగినవాడు.

అతుకులు చూచువాడు లేనిచో ఏమగునో అమెరికాలో కాన్సాస్ సిటీ యను నగరమున 1981 జూలై 17వ తేదీన తేలినది. అక్కడ ఒక క్రొత్త హోటలు హాలులో, గాలిలో వ్రేలాడు నడకదారులు ఒకదాని క్రింద నొకటి కట్టిరి. కప్పు నుండి దిగిన ఒకే పొడుగు ఇనుప కడ్డీ రెండింటిని మోయవలెనని మొదటి బొమ్మ. అంత పొడుగు కడ్డీ బిగించుట కష్టమని ఉక్కుపని చేయువారు దానిని రెండు ముక్కలు చేసిరి; పై నడకదారి కప్పు నుండి, క్రింది నడకదారి పై నడకదారి నుండి వ్రేలాడినవి. చూచుటకు తేడా లేదు. బావిలోనికి దిగిన ఇద్దరు ఒకే మోకును వేర్వేరుగా పట్టుకొనుట వేరు. పైవాని కాళ్ళు పట్టుకొని క్రిందివాడు వ్రేలాడుట వేరు. మోకు తెగకపోవచ్చును, పైవాని పట్టు జారును. అక్కడ జరిగినదదే. పై అతుకు మీద బరువు రెట్టింపైనది. మార్పు కాగితము ఇంజనీర్ల కార్యాలయమునకు వచ్చినది, ముద్ర పడి తిరిగి పోయినది, లెక్క మాత్రము మరల ఎవరును వేయలేదు. ఆ సాయంకాలము హాలునిండ జనము నృత్యోత్సవమునకు చేరియుండగా నడకదారులు కూలి 114 మంది మరణించిరి. కడ్డీ మంచిదే, ఉక్కు మంచిదే, గీసినవారును చదువుకొన్నవారే. ఒకరి చేతినుండి మరొకరి చేతికి పని మారుచోట, ఆ అతుకునకు యజమాని లేకపోయెను.

ఇల్లు కూలి యజమాని మరణించినచో కట్టినవానికి మరణదండన యని సుమారు 3,750 సంవత్సరముల నాటి బాబిలోను రాజు హమ్మురాబి శాసనము. మన దేశమున 2016లో వచ్చిన రియల్ ఎస్టేటు చట్టము ప్రకారము, ఇల్లు అప్పగించిన 5 సంవత్సరములలోపల కట్టుబడి లోపము బయటపడినచో అమ్మినవాడే తన ఖర్చుతో సరిచేయవలెను. అయితే ఇది అమ్మకమునకు కట్టు పెద్ద భవనములకు వర్తించునుగాని, మన ఊరిలో మనము మేస్త్రితో కట్టించుకొను ఇంటికి రాదు. అక్కడ యజమానికి తన జాగ్రత్తయే చట్టము.

ఆ జాగ్రత్త నేల నుండియే మొదలు కావలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి పత్తికి తల్లి, గోడకు శత్రువు. వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని కాలు దిగునంత నెఱ్ఱెలు విచ్చును. దాని మీద లోతు లేని పునాది వేసినచో ఏటేట గోడ లేచి దిగుచుండును. మూడవ యేట కిటికీ మూలనుండి వాలుగా బీట కనబడును. గ్రహబలము బాగులేదని శాంతులు చేయించినవారును కలరు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలకొరకు ఒక ఉపాయము నభివృద్ధి చేసిరి. నేలలో సన్నని గుంతలను తొలిచి, అడుగున ఉల్లిగడ్డవలె వెడల్పు చేసి, కాంక్రీటు పోయుదురు. లోతైన రేగడిలో ఆ స్తంభము సుమారు 3.5 మీటర్లకు తక్కువ యుండరాదు. ఉల్లిగడ్డ భాగము కాండము కంటె రెండున్నర రెట్లు వెడల్పు. వాన, ఎండలు తాకని లోతున అది పట్టుకొని యుండును. పైన గోడ మోయు దూలమునకును నేలకును నడుమ కొద్దిగా ఖాళీ విడుతురు, నేల ఉబ్బినను గోడను నెట్టకుండునట్లు. ఇది రహస్య విద్య కాదు. భారతీయ ప్రమాణ పత్రములలో అచ్చయి యున్నది. కాని నేల పరీక్షించువాడొకడున్నాడని తెలిసినగాని అడుగుటకు నోరు రాదు.

పట్టణమున చదివినవారికి తెలియనిది మన యిండ్లలో తెలిసినది కూడ కొంత యున్నది. మన నాపరాయి దేశమంతట ‘కడప రాయి’ యను పేర పరచబడుచున్నది. అది సున్నపురాయి జాతి. పులుసు తాకినచో దాని మెఱుగు పోవును. చింతపండు రసము ఒలికిన వెంటనే కడుగవలెనని జమ్మలమడుగు ఇల్లాలికి ఎవరును నేర్పనక్కరలేదు. ఈ సంగతి ఎఱిగిన మన బిడ్డ ఒకడు ఆ బల్ల దగ్గర నున్నచో, వంటింటికి ఏ రాయి, వరండాకు ఏ రాయి యని ఒక్క మాటలో తేల్చివేయును. పులివెందుల ప్రాంతపు రాతినార కథ దీనికి భిన్నమైనది. నిప్పునకు కాలదని ఒకనాడు దానిని లోకమంతయు మెచ్చి కప్పు రేకులలో, గొట్టములలో వాడిరి. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తరువాత వైద్యులు తేల్చిరి. పెక్కు దేశములు నిషేధించినవి. పాత రేకుల కప్పు పగులగొట్టునపుడు తడిపి, ముక్కునకు తగిన ముసుగు కట్టుకొని తీయవలెను. విట్రూవియస్ కట్టువానికి వైద్యము తెలియవలెననుట ఇందులకే పనికివచ్చినది.

ఇక చెప్పవలసిన కష్టమైన మాట ఒకటున్నది. పలువిద్యలు ఒక్క కప్పు క్రింద నున్నవని కంపెనీలు గొప్పగా చెప్పుకొనును. కాని తాపీ పట్టువాడు, కమ్మీ వంచువాడు, సెంట్రింగు కొట్టువాడు, తట్ట మోయు ఆడకూలి ఆ కప్పు క్రింద సాధారణముగా లేరు. వారు కంట్రాక్టరు క్రింది ఉపకంట్రాక్టరు వద్ద దినకూలీలు. నాగార్జునసాగరమును కట్టిన పాలమూరు కూలీల నాటినుండి నేటివరకు ఇదే తీరు. 1996 నాటి చట్టముతో మొదలుకొని కట్టడపు ఖర్చులో నూటికి ఒక రూపాయి సుంకము వసూలై ఈ కార్మికుల సంక్షేమ మండలికి చేరుచున్నది. పేరు నమోదు చేయించుకొన్నవారికే దాని ఫలము. మన ఊళ్ళలో నమోదు కాని బేల్దారులింకను కలరు. శాస్త్రకారుడు నలుగురిని ఒక కూటమిగా చెప్పగా, తక్షకుని వాకిట నిలిపి తక్కిన ముగ్గురిని లోపల కూర్చుండబెట్టినట్లున్నది. కట్టడమునకు ఇది మర్యాద లోపము మాత్రమే కాదు, బలమునకును లోపమే. బల్ల మీద తేలిన ప్రతి మాటయు తుదకు ఆ చేతులతోనే జరుగవలెను గదా. గీతలు గీయు చోటికిని ఎండకును నడుమ నున్న ఆ అతుకే నేటికిని సరిగా పడలేదు.

పండుగకు ఊరికి వచ్చిన ఇంజనీరు ప్రక్క వీధిలో స్లాబు పోయుచుండగా చూచును. కమ్మీల క్రింద ముప్పావు అంగుళపు దిమ్మెలు లేవు. కమ్మీ చెక్కలకు అంటుకొనియున్నది. కొన్నాళ్ళకు అక్కడ తుప్పు పట్టి పెచ్చు రాలును. కాంక్రీటులో నీరు అంబలివలె పోసినారు. బలము సగమునకు దిగజారవచ్చును. సెంట్రింగు అద్దె పెరుగుచున్నదని నాలుగవనాడే గుంజలు తీయబోవుచున్నారు; చిన్న గదికే 7 దినములు, పదునైదడుగులు దాటిన గదికి 14 దినములు గుంజలుంచవలెనని ప్రమాణము. మన ఎండలలో కనీసము 10 దినములు తడుపవలెను. బిందె నీరు కొనుక్కొను వేసవిలో ఎవరు తడుపుదురు? ఇవన్నియు అతనికి తెలియును. కాని మేస్త్రి పెద్దవాడు, వరుసకు చిన్నాయన; చెప్పినచో పట్నపు పొగరనుకొనునేమో యని తలవంచుకొని పోవును. మేస్త్రియు, కుర్రవాడు పెద్ద కంపెనీలో నున్నాడు, ఏమైన అడుగుదమా యని తలచి, అడిగినచో చులకనయగునని ఊరకుండును. యజమాని ఇద్దరికిని కాఫీ పంపును.

ఒకవేళ ఆ కుర్రవాడు నిలిచి, “చిన్నాయనా, నీళ్ళు కొంచెము తగ్గించరాదా?” యని అడిగినాడనుకొందము. మేస్త్రి తాపీ దించి యిచ్చు జవాబు కూడ వినదగినదే: “తగ్గిస్తే కమ్మీల సందులోకి యెట్ల దిగుతాది నాయనా?” అది మూర్ఖపు ప్రశ్న కాదు. కంకర లావైనచో, కమ్మీలు దగ్గరైనచో, కుదించు యంత్రము లేనిచో, నీరు తగ్గిన కాంక్రీటు నిజముగానే దిగదు. లోపల తేనెపట్టువలె గూళ్ళు పడును. కార్యాలయమున గీసినవాడు ఆ కమ్మీల నడుమ వ్రేలు దూరునో లేదో చూచి యుండడు. సన్నకంకర వాడవలెను, కుదించు యంత్రమును ప్రొద్దుటూరు నుండి ఒక దినమునకు అద్దెకు తేవలెను, లేదా నీరు పెంచకయే కాంక్రీటును జారునట్లు చేయు ద్రవమును కొలతగా కలుపవలెను. ఆ మూడింటి ధర యెంతో చెప్పుటకు లెక్కరి కావలెను. అప్పుడు ఆ వీధిలో, ఇసుక కుప్ప ప్రక్కన, గీయువాడు, కొలుచువాడు, చేయువాడు, చెల్లించువాడు మొదటిసారి ఒకచోట నిలిచి మాటలాడుకొన్నట్లగును. స్లాబు అప్పటికి సగమే పోసియుండును; మిగిలిన సగమునకు సమయమున్నది.